పాత పెర్ఫార్మెన్స్ కారు: డొమెస్టిక్ కొనాలా, ఇంపోర్ట్ కొనాలా?

అమెరికాలో సెకండ్ హ్యాండ్ పెర్ఫార్మెన్స్ కారు కొనేటప్పుడు చూసిపెట్టమని మన కుర్రాళ్లు నన్ను తోడు తీసుకెళ్తుంటారు. దారిలో దాదాపు అందరూ అడిగేది ఒకటే. "అన్నా, మస్టాంగ్, కమారో లాంటి డొమెస్టిక్ మంచిదా, సుబారు, బీఎండబ్ల్యూ లాంటి ఇంపోర్ట్ మంచిదా?" నేను తిరిగి అడుగుతాను: "నువ్వు చూడబోయే కారులో మొదట ఏది పోతుందో తెలుసా? పోతే ఎవరి దగ్గరికి తీసుకెళ్తావ్?" ఈ రెండింటికీ జవాబుంటే ఏ దేశపు కారైనా నిక్షేపంగా కొనుక్కోవచ్చు. జవాబు లేకపోతే బ్యాడ్జి ఏదైనా చేతి చమురు వదలడం ఖాయం.

గట్టిగా నడిపించడానికి కట్టిన ప్రతి కారుకీ పేరుమోసిన జబ్బు ఒకటో రెండో ఉంటాయి. వాటిలో కొన్ని ఏ ఊరి మెకానిక్ అయినా రెండు రోజుల్లో తేల్చేస్తాడు. కొన్నింటికి ఇంజన్ దించాలి, అది తెలిసినవాడే దించాలి. డొమెస్టిక్, ఇంపోర్ట్ అని విడదీయడం కన్నా ఈ రెండు రకాల జబ్బులను విడదీసి చూడటం మేలు. ఆ లెక్కన డొమెస్టిక్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్ కారు) చాలాసార్లు గెలుస్తుంది కానీ, ప్రతిసారీ కాదు.

ముందు విన్ నంబరు చదవండి

కారు మీద ఏ బ్యాడ్జి ఉందన్నదాన్ని బట్టి విడిభాగాల సంగతి తేలదు. విన్ అంటే కారు గుర్తింపు సంఖ్య, అందులో మొదటి అక్షరం చూస్తే ఎక్కడ తయారైందో తెలుస్తుంది. 1, 4, 5 అంకెలు అమెరికావి, 2 కెనడాది, 3 మెక్సికోది, జె జపాన్‌ది, డబ్ల్యూ జర్మనీది, 6 ఆస్ట్రేలియాది. అచ్చమైన అమెరికన్ కారని అందరూ అనుకునే 2010-15 కమారో కెనడాలోని ఒషావాలో తయారైంది. డాడ్జ్ ఛాలెంజర్ కూడా కెనడా కారే, బ్రాంప్టన్ ఫ్యాక్టరీది. వీటితో పేచీ లేదు, భాగాలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి.

పేచీ పాంటియాక్ జీటీఓ లాంటివాటితో. 2004-06 మధ్య అమ్మిన ఈ కారు నిజానికి ఆస్ట్రేలియా హోల్డెన్ మొనారో. ఇంజన్ షెవర్లేది, ఎల్‌ఎస్1, తర్వాత ఎల్‌ఎస్2. ఇంజన్‌కి ఏం కావాలన్నా దొరుకుతుంది. ముందు బంపరో, హెడ్‌లైటో, డోర్ ప్యానెలో పగిలిందా, వెతుకులాట మొదలవుతుంది. అమ్మిన బ్రాండే ఇప్పుడు లేదు. 2014-17 షెవర్లే ఎస్ఎస్ సెడాన్‌ది కూడా ఇదే కథ, అదీ హోల్డెనే. ఇంజన్ మీద నాకు బెంగ లేని కార్లివి. చిన్న యాక్సిడెంట్ అంటేనే భయం.

ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్ ఇంకా తమాషా అయినది. బ్యాడ్జి అమెరికన్, విన్ డబ్ల్యూతో మొదలవుతుంది, పుట్టింది జర్మనీలోని సార్లూయీలో. 2.3 లీటర్ల టర్బో, 350 హార్స్ పవర్. తొలి కార్లలో కొన్నింటికి ఫ్యాక్టరీలో పొరపాటున మస్టాంగ్ 2.3 హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, పైనుండే హెడ్‌కీ మధ్య వేసే సీలు) వేశారు. కూలెంట్ సిలిండర్లోకి దిగి, చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే సైలెన్సర్లోంచి తెల్లపొగ వచ్చేది. తర్వాత ఫోర్డే ఉచితంగా మార్చిచ్చింది. ఆర్ఎస్ చూడ్డానికి వెళ్తే ఆ పని జరిగిన కాగితం చూపించమనండి. లేకపోతే విన్ పట్టుకుని ఫోర్డ్ డీలర్ దగ్గర కనుక్కోండి.

వీ8 వైపు

డొమెస్టిక్‌లో నాకు నచ్చే గుణం, ఖర్చు దాచుకోదు. పెట్రోలు తాగుతుంది, వెనక టైర్లు అరగదీస్తుంది, ఇన్సూరెన్స్ వాతపెడుతుంది. ఇవన్నీ కొనకముందే లెక్కేసుకోగలిగినవి. ఇంజన్ మట్టుకు పెద్దది, తక్కువ ఒత్తిడిలో పనిచేసేది. షెవర్లే ఎల్‌ఎస్ ఇంజన్లలో ఒకే క్యామ్‌షాఫ్ట్, అదీ బ్లాక్ మధ్యలో ఉంటుంది, పుష్‌రాడ్‌లతో వాల్వులు తెరుస్తుంది. పాతకాలపు పద్ధతే. కానీ ఇంజన్ ఎత్తు తక్కువ, విప్పడం తేలిక. ఆ కుటుంబం ఇంజన్లు పికప్ ట్రక్కుల్లో కూడా లక్షలకొద్దీ ఉన్నాయి కాబట్టి తెలిసిన చేతులకు కొదవలేదు.

అలాగని కళ్లు మూసుకుని కొనమని కాదు. 2010-15 కమారో ఎస్ఎస్ మాన్యువల్ గేర్‌తో వస్తే ఎల్‌ఎస్3, 426 హార్స్ పవర్. ఆటోమేటిక్‌తో వస్తే ఎల్99, 400. కొనేవాళ్లు ఆ 26 గురించి బెంగపడతారు కానీ, అసలు తేడా లిఫ్టర్లలో, అంటే క్యామ్ కదలికను వాల్వులకు అందించే భాగాల్లో, ఉంది. ఎల్99లో పెట్రోలు ఆదా కోసం నెమ్మదిగా వెళ్లేటప్పుడు నాలుగు సిలిండర్లను నిద్రపుచ్చే ఏర్పాటుంది. ఆ పనికి వాడే లిఫ్టర్లు ఇరుక్కుపోవడం అందరికీ తెలిసిన జబ్బు. స్టార్ట్ చేసిన కొన్ని సెకన్ల తర్వాత కూడా ఒకే చోటి నుంచి టిక్ టిక్ ఆగకపోతే నేను ఆ కారు వదిలేస్తాను. లిఫ్టర్‌తో పాటు క్యామ్ కూడా దెబ్బతిని ఉండొచ్చు.

షెవర్లే కార్వెట్‌లో సీ5 తరం, అంటే 1997-2004, చౌకలో దొరికే నిజమైన స్పోర్ట్స్ కారు. ఎల్‌ఎస్1 ఇంజన్ మొండిది. చూడాల్సింది క్రాంక్ పుల్లీ, ఇంజన్ ముందు బెల్టు తిప్పే చక్రం. ఇంజన్ ఆన్‌లో ఉండగా టార్చి వేసి ముందు నుంచి పుల్లీని చూడండి. తిన్నగా తిరగకుండా వంకర్లు పోతుంటే లోపలి రబ్బరు వదిలేసిందన్నమాట. భాగం ఖరీదు పెద్దది కాదు, కానీ అడ్డంగా స్టీరింగ్ ర్యాక్ ఉంటుంది, కూలీ ఎక్కువ. ఇంకో మాట, పెయింట్ మందం కొలిచే మామూలు అయస్కాంతపు మీటరు కార్వెట్ మీద పనిచేయదు. బాడీ ఇనుము కాదు, ఫైబర్. కంటితోనే చూసుకోవాలి. సీ6 జెడ్06లో 505 హార్స్ పవర్ ఎల్‌ఎస్7 ఇంజన్ అద్భుతం, కానీ వాల్వ్ గైడ్‌లు (వాల్వులు కదిలే గొట్టాలు) అరుగుతాయన్న పేరుంది. హెడ్‌లు విప్పి కొలిచిన రిపోర్టు లేని కారుకి ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయం.

మస్టాంగ్ జీటీలో నా గీత 2011 దగ్గర. ఆ ఏడాది 5.0 కొయోట్ ఇంజన్ వచ్చింది, 412 హార్స్ పవర్. అంతకుముందు 4.6 మూడు వాల్వుల ఇంజన్‌లో తొలి ఏళ్ల స్పార్క్ ప్లగ్గులు రెండు ముక్కలుగా అతికించినవి. తీసేటప్పుడు కింది ముక్క హెడ్‌లో విరిగి ఉండిపోయేది. మైళ్లు బాగా తిరిగినా ప్లగ్గులు మార్చలేదని ఓనరు గర్వంగా చెప్తే, ఆ పని మీ నెత్తిన పడబోతోందని అర్థం. 2015 నుంచి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, అంతకుముందు జీటీకి రెండు వెనక చక్రాలనూ కలిపి కట్టేసే మొండి యాక్సిలే. గతుకుల మూలమలుపులో ఈ తేడా నడుముకే తెలుస్తుంది. 2011 తర్వాతి మాన్యువల్ గేర్‌బాక్స్‌లో రెండు నుంచి మూడుకి త్వరగా వేసి చూడండి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. గరగరమంటే ఆ బండి మీకొద్దు.

టర్బోలు, పరుగులు పెట్టే చిన్న ఇంజన్లు

ఇంపోర్ట్‌లో ఆకర్షణ వేరు. తక్కువ బరువు, చక్కటి స్టీరింగ్, సుబారులాంటివాటిలో నాలుగు చక్రాలకూ శక్తి. మంచు పడే చోట మస్టాంగ్ గ్యారేజీలో కూర్చున్న రోజున సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ నవ్వుకుంటూ వెళ్తుంది. కానీ చిన్న ఇంజన్ నుంచి పెద్ద పని రాబట్టాలంటే ప్రతి భాగం అంచుల దాకా పనిచేయాలి. అందుకే ఇక్కడ కారు కన్నా దాన్ని ఇన్నాళ్లు వాడినవాడు ముఖ్యం.

డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ సంగతే తీసుకోండి. 2004 నుంచి 2021 దాకా అమెరికాలో అదే 2.5 లీటర్ల ఈజే257 ఇంజన్, మొదట్లోనే 300 హార్స్ పవర్. పిస్టన్ రింగుల మధ్య ఉండే పలచటి గట్టు, రింగ్‌ల్యాండ్ అంటారు, విరిగిపోవడం దీని పేరుమోసిన జబ్బు. ఫ్యాక్టరీ సెట్టింగులతో, మంచి పెట్రోలుతో, వేడెక్కాకే తొక్కుతూ నడిపితే చాలాకాలం వస్తుంది. ఎవడో ల్యాప్‌టాప్ పెట్టి బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచాడా, ఆయుష్షు చెప్పలేం. ఓనరు "పూర్తి స్టాక్ అండీ" అంటాడు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందని. ట్యూనింగ్ కోసం వాడే యాక్సెస్‌పోర్ట్ అనే చిన్న పరికరం ఒక కారుకి ముడిపడి ఉంటుంది, విడదీస్తే తప్ప ఇంకో కారుకి పనికిరాదు. "యాక్సెస్‌పోర్ట్ కూడా ఇస్తారా?" అని మామూలుగా అడగండి. "దానికి వేరే డబ్బులు" అన్నాడంటే స్టాక్ మాట అక్కడితో అయిపోయింది.

మిత్సుబిషి ఈవో (లాన్సర్ ఎవల్యూషన్) నాకు ప్రాణం. 2003లో ఇక్కడ అమ్మడం మొదలుపెట్టిన ఈవో ఎయిట్‌లో 4జీ63 ఇంజన్ ఇనుప బ్లాకుతో గట్టిగా ఉంటుంది. అయినా మొదటిసారి కొనేవాళ్లకి నేను చెప్పను. 2015తో ఈవో ఆగిపోయింది. ఇంజన్ బతికించుకోవచ్చు కానీ, చిన్న చిన్న భాగాలు ఒక్కొక్కటే కంపెనీ నుంచి రావడం మానేస్తున్నప్పుడు, ఒక్క ముక్క కోసం బండి నెలల తరబడి షెడ్డులో పడి ఉంటుంది.

టర్బో వద్దనుకుంటే నిస్సాన్ జెడ్ కార్లున్నాయి. 350జెడ్‌లో 2007 నుంచి 306 హార్స్ పవర్ ఇంజన్, 370జెడ్‌లో 332. వీటిలో టైమింగ్ కవర్ వెనక ఆయిల్ గ్యాలరీ (ఆయిల్ వెళ్లే దారి) గాస్కెట్ లీకై ఆయిల్ ప్రెషర్ పడిపోవడం ఒక జబ్బు. 370జెడ్‌లో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉంటుంది, అది పోతే గేర్‌బాక్స్ దించాల్సిందే. హోండా ఎస్2000 ఇంజన్ 9,000 ఆర్‌పీఎమ్ దాకా పాడుతుంది. 2004 నుంచి 2.2 లీటర్లకి పెంచి ఆ గీత 8,000కి దించారు.  ఐదో గేరు అనుకుని మూడులో పడేసి, ఇంజన్‌ను హద్దు దాటి తిప్పేసిన ఓనరు మాత్రం దానికి శత్రువు.

బీఎండబ్ల్యూ ఈ46 తరం ఎం3, 333 హార్స్ పవర్. వెనక సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే చట్రం) పట్టుకునే చోట నేల రేకు పగలడం దీని జబ్బు. లిఫ్ట్ మీదకెక్కించి, టార్చి వేసి, బిగింపుల చుట్టూ గీతలాంటి పగుళ్లు వెతకాలి. రాడ్ బేరింగులు (పిస్టన్ రాడ్లు క్రాంక్‌ను పట్టుకునే చోటివి), వానోస్ (వాల్వులు తెరుచుకునే సమయం మార్చే భాగం) మార్చిన బిల్లులుంటే వందల మైళ్లు వెళ్లయినా ఆ కారు చూస్తాను. 1997-2008 మధ్య పోర్షే బాక్స్‌టర్, 911 కొనాలనుకుంటే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ది, అది పోతే ఇంజనే పోవచ్చు) అనే మాట విన్నారో లేదో మిమ్మల్ని మీరు అడగండి. వినకపోతే ఇంకో వారం చదివి వెళ్లండి.

రైట్ హ్యాండ్ డ్రైవ్ మోజు

జపాన్ నుంచి తెప్పించుకునే నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ గురించి అడగని కుర్రాడు లేడు. అమెరికా 1988 చట్టం తర్వాత వచ్చిన నియమం ప్రకారం, ఇక్కడ అమ్మని విదేశీ కారు 25 ఏళ్లు నిండితే ఫెడరల్ సేఫ్టీ ప్రమాణాల నుంచి మినహాయింపు పొందుతుంది. కాలుష్యం విషయంలో ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) గడువు 21 ఏళ్లు. 25 ఏళ్లు లెక్కపెట్టేది తయారైన నెల నుంచి. అందుకే 1989లో మొదలైన ఆర్32 తరం స్కైలైన్, 2014 నుంచి రావడం మొదలైంది. 1999 ఆర్34, 2024 నుంచి. కాలిఫోర్నియాలో ఫెడరల్ మినహాయింపు ఒక్కటే సరిపోదు, అక్కడి కాలుష్య నియమాలు విడిగా దాటాలి. కాబట్టి బయటి రాష్ట్రంలో రిజిస్టరై ఉన్న కారు చూసి తొందరపడొద్దు.

వీటికి 17 అక్షరాల విన్ ఉండదు, మన హిస్టరీ రిపోర్టులు పనిచేయవు. బదులుగా జపాన్ వేలం షీటు అడగండి. అందులో గ్రేడ్, కిలోమీటర్లు, ఏ ప్యానెల్‌కి ఏ దెబ్బో బొమ్మ మీద గుర్తులు ఉంటాయి. గ్రేడ్ దగ్గర ఆర్ అని ఉంటే యాక్సిడెంట్ అయి బాగుచేసినది. ఛాసిస్ నంబరు కూడా చదవండి. నిజమైన ఆర్32 జీటీ-ఆర్ బీఎన్ఆర్32తో మొదలవుతుంది. హెచ్‌సీఆర్32 అని ఉంటే అది జీటీ-ఆర్ వేషం వేసుకున్న మామూలు స్కైలైన్. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి ఇలాంటి కారు వద్దని మాత్రం చెప్తాను.

కారు దగ్గరికి వెళ్లాక

ముందు రోజే మెసేజ్ పెట్టండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు." వెళ్లగానే పలకరింపుల కన్నా ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాను. ఒకసారి ఒక ఎస్‌టీఐ బానెట్ వెచ్చగా తగిలింది. "చలిగా ఉంది కదా, మీకోసం వేడి చేసి ఉంచాను" అన్నాడాయన. ఎంత మర్యాదో! "ఫర్వాలేదండీ, రేపు పొద్దున్నే వస్తాం" అన్నాను. మర్నాడు చల్లగా స్టార్ట్ చేస్తే నీలిపొగ వచ్చింది, టకటకలు మొదలయ్యాయి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కేకొద్దీ తగ్గే చప్పుడు ఆ ఇంజన్లలో పిస్టన్‌ది కావొచ్చు, దానితో బతకొచ్చు. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక, రేస్ చేసినప్పుడల్లా అడుగునుంచి వచ్చే బరువైన దెబ్బ రాడ్ బేరింగ్‌ది. ఆ రోజు వేడెక్కాక విన్నది రెండోదే. మావాడు దారంతా మాట్లాడలేదు.

తర్వాత స్కానర్. 1996 నుంచి అమెరికాలో అమ్మిన కార్లన్నింటికీ ఓబీడీ2 ప్లగ్ ఉంటుంది, స్టీరింగ్ కింద. స్కానర్ పెట్టి కారు కంప్యూటర్‌ను చదివేది అక్కడే. చెక్ ఇంజన్ లైటు వెలగట్లేదని సంతోషపడకండి. కోడ్‌లు చెరిపేస్తే లైటు ఆరిపోతుంది, కానీ దాంతోపాటు రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను పరీక్షించుకున్న లెక్కలు) కూడా సున్నాకి వస్తాయి. అవి మళ్లీ పూర్తవ్వాలంటే బండి కొన్ని రోజులు రకరకాలుగా తిరగాలి. స్కానర్ తెరమీద క్యాటలిస్ట్, ఆక్సిజన్ సెన్సార్ ఎదురుగా "నాట్ రెడీ" అని వరసగా కనిపిస్తే, బ్యాటరీ ఈమధ్యే తీశారా అని అడగండి. సమాధానం ఏదైనా సరే, మానిటర్లు నిండాక మళ్లీ వస్తామని చెప్పండి.

టైర్లు అబద్ధం ఆడవు. పక్కన డీఓటీ అక్షరాల చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది. 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు చక్రాల డ్రైవ్ కారుకి నాలుగు రకాల టైర్లుంటే అందం కన్నా పెద్ద సమస్య. చుట్టుకొలతలో తేడా వల్ల ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే మధ్య డిఫరెన్షియల్ ఎప్పుడూ పనిచేస్తూ అరిగిపోతుంది. అంత ఖరీదైన కారుకి టైర్ల దగ్గర కక్కుర్తి పడ్డవాడు ఆయిల్ దగ్గర ధారాళంగా ఉన్నాడని నేను నమ్మను.

ఇవన్నీ దాటితే, అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ దగ్గర కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు చేయించండి. కంప్రెషన్ అంటే సిలిండర్లో పుట్టే ఒత్తిడి కొలవడం, లీక్‌డౌన్ అంటే ఒక్కో సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత తప్పించుకుంటోందో కొలవడం. పక్కనే నిలబడి వినండి. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ బుసమంటే రింగులు, సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, గాలి లోపలికి పీల్చే గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. సుబారులో ప్లగ్గులు పక్కల్లో ఇరుకుగా ఉంటాయి, కూలీ ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి. స్టాక్ ఎల్‌ఎస్3 అయితే, శబ్దం శుభ్రంగా ఉంటే ఈ పరీక్ష లేకుండానే నేను ముందుకెళ్తాను. ఎస్‌టీఐకి, ఈవోకి మాత్రం చచ్చినా వదలను. ఓనరు ఒప్పుకోకపోతే బేరం కూడా ఆడక్కర్లేదు.

ధర మాట్లాడకముందే ఆ విన్‌తో ఇన్సూరెన్స్ కోట్ తెచ్చుకోండి. మస్టాంగ్ జీటీకి, డబ్ల్యూఆర్ఎక్స్‌కి పాతికేళ్ల కుర్రాడికి వచ్చే అంకె చూసి మనసు మార్చుకున్నవాళ్లు చాలామంది.

నన్ను అడిగితే, ఒక్కటే కారు, రోజూ నడపాలి, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ లేడు అంటే 2015 తర్వాతి మస్టాంగ్ జీటీ. ఇంకో కారు ఇంట్లో ఉంది, డబ్బు తక్కువ అంటే సీ5. మంచు ఎక్కువ, ఓనరు పెద్దమనిషి, బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి అంటే ఎవరూ మార్పులు చేయని డబ్ల్యూఆర్ఎక్స్. ఎం3, పోర్షేలకి కొన్న ధరలో ఐదో వంతైనా బ్యాంకులో పక్కన పెట్టుకోండి.

ఏది కొన్నా మొదటి వారంలోనే ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చేయండి. దించిన ఇంజన్ ఆయిల్ కాస్త సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపండి. ఓనరు అమ్మకానికి ముందే ఆయిల్ మార్చి ఉంటే ఆ శాంపిల్ ఏమీ చెప్పదు. కొత్త ఆయిల్‌తో రెండు మూడు వేల మైళ్లు తిరిగాక మళ్లీ పంపండి. అందులో రాగి, సీసం ఎక్కువగా కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టు, అల్యూమినియం పెరిగితే పిస్టన్ల మీద అనుమానం. రెండింటిలో ఏది వచ్చినా తొక్కడం ఆపి, కొనేటప్పుడు పరీక్ష చేసిన మెకానిక్‌కే ఆ రిపోర్టు చూపించండి.